వినోదమునకు వెల కట్టుట యెట్లు?

వస్త్రము కొనువాడు దానిని చేతబట్టి చూచును. ధర్మవరపు పట్టుచీర బేరమాడు ఇల్లాలు అంచును నలిపి చూచును. జరీని వెలుతురునకు పట్టి చూచును. మడత విప్పి బరువు నంచనా వేయును. అటుపిమ్మటనే ధర మాట యెత్తును. హిందూపురపు అంగడిలో చింతపండు కొనువాడు ఒక రెబ్బ నోట వేసికొని గాని సంచి విప్పడు. ఇట్టి సరకులయందు ‘పిండి కొద్దీ రొట్టె’ యను సామెత చాలవరకు చెల్లును. వినోద మట్టి సరకు కాదు. ముందు సొమ్ము చెల్లింపవలెను. తరువాత గాని ఆట కంటబడదు. నచ్చలేదని తిరిగి యిచ్చుటకు చేతిలో నేమియు మిగులదు. అందునను రాత్రి ప్రొద్దుపోయిన పిమ్మట, పెద్దవారికి మాత్రమే ప్రవేశముగల నాట్యక్లబ్బులలో ఈ చిక్కు మరింత హెచ్చు. అచ్చట దీపములు మసక, లెక్క మసక, పానపాత్ర ఒకటి రెండు మారులు నిండిన పిదప కొనువాని తెలివియు మసక. చెల్లించిన వెలకు తగిన నాణ్యము లభించినదో లేదో తేల్చుకొనుట యెట్లు?

బడిపంతుళ్ళకును, విద్యార్థులకును ఈ ప్రశ్నతో నేమి పని యని కొందరు శంకింపవచ్చును. పని కలదు. పెనుకొండకు చేరువనున్న ఎర్రమంచిని చూడుడు. వానకై ఆకాశము వంక చూచు మెట్టచేల నడుమనున్న గ్రామమది. 2019వ సంవత్సరము డిసెంబరులో అచ్చట కియా కార్ల కర్మాగారము ప్రారంభోత్సవము జరుపుకొన్నది. పంట యింటికి వచ్చిననాడే రూపాయి మొగము చూచిన సీమలో, నెల తిరుగగానే జీతమందుకొను యువకులు తయారైరి. హైదరాబాదు నుండి బెంగళూరునకు పోవు రాజమార్గము ఆ ప్రక్కనే సాగుచున్నది. కొన్ని గంటలు ప్రయాణించినచో మహానగరపు రాత్రులు వారి యెదుట నిలుచును. సంపాదన యెట్లు చేయవలెనో మన చదువులు నేర్పుచున్నవి. సంపాదించినది, అందునను వినోదమునకై, ఎట్లు వ్యయము చేయవలెనో నేర్పు పాఠము ఏ వాచకమునందును కానరాదు. బోధింపకున్న విద్యను కుర్రవాడు బజారులో నేర్చుకొనును. బజారు తన లాభమునకు తగినట్లే నేర్పును.

తెలుగున ‘నాణెము’, ‘నాణ్యము’ అను రెండు మాటలును తోబుట్టువులు. నిఘంటువులలో నాణ్యమనగా నాణెమనియు, శ్రేష్ఠమైనదనియు రెండర్థములు కలవు. మంచి నాణెమేదో మ్రోగించి తెలిసికొనవలెను. వినోదపు నాణ్యమును మ్రోగించి చూచుటకును ఒక రాయి యున్నది. ఆ రాయి యీ సీమ చరిత్రలోనే దొరకును.

విజయనగరపు రెండు లెక్కలు

రక్కసి తంగడి యుద్ధము 1565లో ముగిసిన పిమ్మట విజయనగర రాజ్యమునకు పెనుకొండ రాజధాని యైనది. అంతకు పూర్వము ఆ రాజ్యపు మహానగరమును చూచిన విదేశీయు లిద్దరు రాత్రివినోదములను గూర్చి వ్రాసిపెట్టిన మాటలు ఈనాటికిని ఆలోచింపదగినవి.

మొదటివాడు పారశీక రాయబారి అబ్దుర్ రజాక్. ఇతడు 1443లో రెండవ దేవరాయల కొలువునకు వచ్చెను. టంకశాల కెదురుగా నగరపాలకుని కార్యాలయ ముండెననియు, అచ్చట పండ్రెండు వేలమంది రక్షకభటు లుండిరనియు, దినమునకు పండ్రెండు వేల పణములు వారికి జీతముగా ముట్టుచుండెననియు, ఆ సొమ్ము వేశ్యావాటికల రాబడి నుండి వసూలగుచుండెననియు అతడు వ్రాసెను. అనగా భటు నొక్కనికి దినమున కొక పణము. విటుడు తాను సుఖమునకు వెల యిచ్చుచున్నా ననుకొనెను. నిజమునకు అందు కొంత కోటకావలివానికి కూలి యిచ్చుచుండెను. ఆ భాగము హెచ్చినకొలది అంగడిలో నాణ్యము హెచ్చదు. సుంకము మాత్రమే హెచ్చును.

రెండవవాడు పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్. ఇతడు శ్రీకృష్ణదేవరాయల కాలమున, 1520 ప్రాంతమున, విజయనగరమును చూచెను. రాజమందిరమున స్త్రీలకు నాట్యము నేర్పు శాల నొకదానిని అతడు వర్ణించినాడు. ఆ శాలలో పలకలపై నర్తకుల ప్రతిమలు చెక్కబడియుండెను. ఒక్కొక్క నృత్యము ముగియునప్పుడు ఏ భంగిమలో నిలువవలెనో ఒక్కొక్క పలక చూపును. నేర్చుకొను బాలిక ముగింపు మరచినచో ఆ పలక వంక చూచి దిద్దుకొనును. అంతియేకాక, చేతులతో పట్టుకొని వ్రేలాడి అవయవములను సాగదీసికొనుటకు శాల చివర ప్రత్యేకముగా ఒక చోటు కూడ ఉండెనట. ఆ నగరమున లక్ష పరదావులు, అనగా లక్ష వరహాలు, కూడబెట్టిన నర్తకి యొకతె యున్నదని విన్నట్లును, తాను చూచినదానిని బట్టి అది నమ్మదగిన మాటయే యనియు అతడు చెప్పెను.

రజాక్ చెప్పినది అంగడి లెక్క; పేస్ చెప్పినది పాఠశాల లెక్క. ఒకచోట కొనువాని ధనము కావలికి పోయెను. మరియొకచోట పాలకుని ధనము సాధనకు పోయెను. రాచనగరి నర్తకులు తమ యిచ్ఛానుసారము జీవించిరని చెప్పుట సాహసమగును. అయినను చూపరికి లభించిన నాణ్యము ఎక్కడిదని యడిగినచో సమాధానమొక్కటే. అది ఆ పలకల నుండి, ఆ నిత్యసాధన నుండి వచ్చినది. వినోదమునకై వెచ్చించిన ధనములో విద్యకు చేరిన భాగ మెంతయో, నాణ్యమును అంతియే. ఇదియే మనకు కావలసిన గీటురాయి.

లేపాక్షి స్తంభములు చెప్పు మాట

హిందూపురమునకు దాపుననున్న లేపాక్షి వీరభద్రాలయమును చూడని ఉపాధ్యాయుడు ఈ సీమలో నుండడు. అచ్యుతదేవరాయల కాలమున పెనుకొండ సీమలో అధికారులుగానుండిన విరూపణ్ణ, వీరణ్ణ యను సోదరులు దాని నిర్మాణమునకు కారకులు. అందలి నాట్యమండపమున రంభ ఆడుచున్నది. ఆమె ఆడునది ఒంటరిగా కాదు. తుంబురుడు వీణ మీటుచున్నాడు. బ్రహ్మ మద్దెల వాయించుచున్నాడు. మూడు కాళ్ళ భృంగి నాట్యాచార్యుడై యడుగులు చూపుచున్నాడు. ఒక్క నర్తకి పాదము కదలుటకు ఎందరి పాండిత్యము వెనుక నిలువవలెనో శిల్పి స్తంభములపై పట్టిక వ్రాసినట్లు చెక్కినాడు. నాట్యమునకు వెల చెల్లించుట యనగా వీరందరికి చెల్లించుట.

ఆ ఆలయమును గూర్చియే మరియొక కథ జనులు చెప్పుకొందురు. రాజ్యపు బొక్కసము నుండి అనుమతి లేకయే విరూపణ్ణ సొమ్ము వెచ్చించెననియు, రాజశిక్షకు ముందే తన కన్నులను తానే పెరికి గోడకు కొట్టెననియు స్థలపురాణము. ఎఱ్ఱని మరకలను గైడులు నేటికిని చూపుదురు. కల్యాణమండపము అసంపూర్తిగా నిలిచియున్నది. కథ నిజమో కల్పనమో అటుంచుడు. శిల్పమెంత గొప్పదైనను, అది ఎవరి సొమ్ముతో సాగినదను ప్రశ్న ప్రజల మనస్సునుండి తొలగలేదు. నాణ్యము మంచిదైనంత మాత్రమున వెల న్యాయమైనది కాదు. అప్పుచేసి పప్పుకూడు తినువాడు పప్పు రుచిగా నున్నదని చెప్పి తప్పించుకొనజాలడు.

రూకకు లెక్క చెప్పిన కావ్యము

వెలకును నాణ్యమునకును గల పొత్తును మన కవులు విడిచిపెట్టలేదు. వినుకొండ వల్లభరాయని పేర ప్రసిద్ధికెక్కిన క్రీడాభిరామమున గోవిందమంచనశర్మ, టిట్టిభసెట్టి యను మిత్రులిద్దరు ఓరుగల్లు వీధులలో తిరుగుదురు. పూటకూళ్ళ యింట ఒక్క రూకకు వడ్డించు పదార్థములను కవి వరుసగా ఏకరువు పెట్టినాడు. వెల ముందే తెలిసినది. దాని కేమి లభించునో అదియు ముందే తెలిసినది. మాచల్దేవి చిత్రశాలను వర్ణించిన ఆ కావ్యమే పూటకూటి లెక్కను కూడ చెప్పుట గమనింపదగినది. భోజనమైనను వినోదమైనను పట్టణపు కొనుగోలుదారుడు కన్నులు తెరచుకొనియే తిరిగెను.

దీనికి ప్రతిగా సారంగు తమ్మయ వైజయంతీవిలాసమున మరియొక యింటి తీరు కనబడును. ధనమున్నంతవరకు విప్రనారాయణునకు తలుపు తెరచియుండెను. ధనము తీరగానే దేవదేవి తల్లి అతనిని వెడలగొట్టినది. 1954లో వచ్చిన విప్రనారాయణ చలనచిత్రము వలన ఈ కథ పండిత పామరులకు తెలిసినదే. ఆ యింట అమ్ముడుపోయినది కళ కాదు, మమకారపు భ్రమ. భ్రమకు ఏ ధరయు హెచ్చు కాదు, ఏ ధరయు తగదు. ఏలయన దానిని తూచుటకు తక్కెడ లేదు. నేటి రాత్రిక్లబ్బులో ‘నిన్నే చూచుచున్నది’ అని కుర్రవానిచేత మరియొక సీసా తెప్పించు ఉపాయము దేవదేవి తల్లికి తెలియనిది కాదు.

మేళము నుండి రికార్డింగ్ డాన్సు వరకు

పూర్వము సంపన్నుల వివాహములలో భోగముమేళము పెట్టించుట గొప్పతనమునకు గుర్తుగా నుండెను. తాంబూలమిచ్చి మేళమును కుదుర్చుకొనెడివారు. బయానా, ప్రయాణపు ఖర్చు, భోజన వసతులు ముందే మాటాడుకొనెడివారు. ఆపైన సభలో చదివింపులు. ఇచ్చినవాని పేరు, ఇచ్చిన మొత్తము అందరు వినునట్లు చదివి, ఆ సొమ్మును చేతికందించుట చదివింపుల మర్యాద. క్షేత్రయ్య పదములకు అభినయము పట్టగల కళావంతు లాయన గానమును తరతరములుగా కంఠస్థము చేసి కాపాడిరి. పదములోని చమత్కారము తెలిసిన రసికుడు సభలో నున్నంతకాలము వెల విద్యను వెదకుకొనుచు వచ్చెను. తెలిసినవారు తగ్గి, డాబుకై పిలుచువారు పెరిగినకొలది, వెల విద్యను విడిచి వయస్సును, రూపమును వెదకెను.

సంస్కర్తలు దీనిని చూచి సహింపలేదు. వీరేశలింగము పంతులుగారు ఈ మేళములను తీవ్రముగా ఖండించిరి. 1893లో మదరాసు సంస్కర్తలు వైస్రాయికిని, గవర్నరునకును విజ్ఞాపనములు పంపి, ఇట్టి విందులకు రావలదని కోరిరి, దొరలు అంగీకరింపలేదు. డాక్టరు ముత్తులక్ష్మీరెడ్డి కృషివలన 1929లో వచ్చిన చట్టము దేవదాసీల యీనాము భూములను ఆలయసేవ నుండి విడిపించెను. 1947 నాటి మదరాసు చట్టము బాలికలను దేవునకు సమర్పించుటను నిషేధించెను. సంస్కర్తల వాదనలో తిరుగులేని న్యాయ మొకటి యున్నది. తన జీవితమునకు కట్టబడు వెలను గూర్చి ఆ బాలికను ఎవరును అడిగియుండలేదు. అమ్మువానికి ఇచ్ఛ లేనిచోట బేరమను మాటకే అర్థము లేదు.

అయితే ఆచారముతోపాటు ఆ విద్యయు వీధిపాలయ్యెను. నటరాజ రామకృష్ణగారు వృద్ధులైన కళావంతుల నాశ్రయించి, వారి అభినయ సంప్రదాయమును సేకరించి, ఆంధ్రనాట్యమను పేర నిలబెట్టకున్నచో అందు మనకు మిగులునది చాల స్వల్పము.

ఆ ఖాళీలో జాతరలకు వచ్చినది రికార్డింగ్ డాన్సు. సినిమాపాట రికార్డు మ్రోగును. వేదికపై ఆట సాగును. పాడువారు లేరు, మద్దెల లేదు, వీణ లేదు, అడుగులు దిద్దు ఆచార్యుడు లేడు. లేపాక్షి స్తంభములపైనున్న వారందరు తొలగిపోగా రంభ యొక్కతెయే మిగిలినది. ఖర్చు తగ్గినది నిజమే. కాని అమ్ముటకు దేహము తప్ప వేరొకటి మిగులలేదు. అటుపిమ్మట పోటీ పెరిగినచో నేర్పు పెరుగదు, వస్త్రము తగ్గును. అందుచేతనే అనేక గ్రామములలో పోలీసులు దీనికి అనుమతి నిరాకరించుట పరిపాటియైనది.

శృంగారహాస్యమంతయు హేయమని దీనికి అర్థము కాదు. ధర్మవరము దగ్గరి నిమ్మలకుంట తోలుబొమ్మలాటకు ప్రసిద్ధి గాంచినది. ఆ గ్రామమునకు చెందిన దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ పురస్కారము లభించినది. తెల్లవార్లు నడుచు ఆ రామాయణ భారత కథల నడుమ కేతిగాడును, బంగారక్కయు వచ్చి పచ్చిహాస్యము లాడుదురు. నిద్రకు తూగువారు లేచి కూర్చుందురు. ఆ హాస్యము కథలో ఉప్పు వంటిది. ఉప్పు లేని కూర రుచింపదు; ఉప్పే కూరయని వడ్డించువాడు వంటవాడు కాడు.

నేటి క్లబ్బు లెక్క

ఇపుడు నగరములోని క్లబ్బు బిల్లును ఉపాధ్యాయుడు నల్లబల్లపై లెక్క చేసినట్లు విడదీసి చూతము. మొదట ప్రవేశరుసుము. కొన్నిచోట్ల అది పానీయములలో తగ్గింతురు, కొన్నిచోట్ల తగ్గింపరు. పిదప బల్ల దగ్గర కూర్చుండుటకు ఇంత కనీసవ్యయము చేయవలెనను నియమము. బయటి దుకాణపు ధరకు కొన్ని రెట్లుగా మద్యపు ధర. ఆహారముపై వస్తుసేవల పన్ను. మద్యము ఆ పన్ను పరిధిలో లేదు, దానిపై రాష్ట్రపు పన్ను వేరు. ఆపైన సేవారుసుము. ‘కొన్నది వంకాయ, కొసరినది గుమ్మడికాయ’ యను సామెత ఇచ్చట తలక్రిందుగా ఫలించును. అక్కడ కొసరు కొనువానికి లాభము, ఇచ్చట కొసరే కొనువాని నడ్డి విరుచును. ప్రవేశము ఉచితమన్న చోట ఈ కొసరులు మరింత జాగ్రత్తగా చూడవలెను.

సేవారుసుము విషయమున కొనువానికి హక్కు కలదు. హోటళ్ళు దానిని బిల్లులో తమంత తాము కలుపరాదని 2022 జూలైలో కేంద్ర వినియోగదారుల పరిరక్షణ సంస్థ ఆదేశించెను. 2025 మార్చిలో ఢిల్లీ ఉన్నత న్యాయస్థానము ఆ ఆదేశమును సమర్థించెను.

ఈ బిల్లు యంతటిలో నర్తకికి, గాయకునికి, వాద్యగానికి ముట్టున దెంత? బిల్లులో ఆ వరుసయే లేదు. ఆమె కెక్కువగా దక్కునది, చూపరులు విసరు నోట్లు. అందును యజమానికి వాటా పోవుట కలదు. ఈ విసరుటను గూర్చియే దేశపు అత్యున్నత న్యాయస్థానము ఆలోచింపవలసి వచ్చినది. మహారాష్ట్ర ప్రభుత్వము 2005లో డాన్సు బారులను నిషేధించెను. బొంబాయి ఉన్నత న్యాయస్థానము 2006లో ఆ నిషేధమును కొట్టివేసెను. 2013లో సర్వోన్నత న్యాయస్థానము ఆ తీర్పును సమర్థించెను. పిదప రాష్ట్రము 2016లో క్రొత్త చట్టము చేసెను. దానిపై 2019 జనవరిలో వెలువడిన తీర్పు నర్తకికి బహుమానము చేతికీయవచ్చు ననియు, నోట్లు ఆమెపై వెదజల్లరాదనియు నిర్ణయించెను. కర్ణాటకమున బెంగళూరు నగరములోని కాబరేలు, ప్రత్యక్ష గానము జరుగు స్థలములు లైసెన్సు పొందవలెనను 2005 నాటి ఉత్తరువును 2018లో అదే న్యాయస్థానము నిలిపెను.

ఇచ్చుటకును విసరుటకును భేదమేమని విద్యార్థి యడుగవచ్చును. రూపాయి అదే రూపాయి. కాని చేతికిచ్చినపుడు అది విద్యకు బహుమానము; నెత్తిన చల్లినపుడు అది ఇచ్చువాని అహంకారమునకు దీపావళి. వంగి ఏరుకొనువారి మెడ వంగుటను చూచుటకే ఆ ధనము వెచ్చింపబడినది. పల్లెటూరి చదివింపుల మర్యాద ఎరిగిన మన పెద్దలకు ఈ తీర్పు క్రొత్తగా తోచదు.

నాణ్యమున మరియొక అంగము కలదు. ముంబయి కమలా మిల్స్ ఆవరణలోని రాత్రివిందుశాలలలో 2017 డిసెంబరు చివర నిప్పంటుకొని పదునలుగురు మరణించిరి. దీపములెంత రంగుగా నున్నవో చూచువాడు బయటికి పోవు ద్వారమెచ్చట నున్నదో కూడ చూడవలెను. ఆ ద్వారము లేని చోటు ఎంత చవకయైనను ప్రియమే.

కావున వెలను తూచగోరువాడు కూర్చుండుటకు ముందే నాలుగు ప్రశ్నలు వేసికొనుట మేలు. మొత్తము వెల ముందే వ్రాతలో తెలియుచున్నదా? ఆడువారు, పాడువారు తమ యిష్టముతో, కూలి నిశ్చయముతో ఆడుచున్నారా? ఈ ధనములో సాధనకు చేరున దెంత? నేనిచ్చునది నా సొంత మిగులేనా, లేక ఇంటి బియ్యపు సొమ్మా? మొదటి ప్రశ్నకు సమాధానము లేనిచోట మోసము కలదు. రెండవదానికి లేనిచోట పాపము కలదు. అట్టిచోట ఎంత తక్కువ ధరయైనను ఎక్కువే. మూడవదానికి లేనిచోట నాణ్యము ఉండదు. నాల్గవదానికి ‘సొంత మిగులే’ యని చెప్పలేనివాడు ఇంటి దారి పట్టుట మంచిది.

బేరమన్నది కళకు అవమానమని తలచుట పొరపాటు. ధర అడుగుట అవమానము కాదు. ధర తెలియక కళాకారుని చేతిలో కొంత పెట్టి పంపుటయే అవమానము. ఈ గీటురాయి బెంగళూరు క్లబ్బులకే గాక మన పాఠశాల వార్షికోత్సవమునకును పనికివచ్చును. అచ్చట చందాల సొమ్ములో దీపాలంకరణ కెంత, మైకుసెట్టున కెంత, అద్దె వేషముల కెంత, నెలరోజులు పిల్లలకు అడుగులు దిద్దిన నాట్యాచార్యున కెంత యని ఒక్కసారి కాగితముపై వ్రాసి చూడుడు. దీపముల వానికి పూర్తి సొమ్మును, ఆచార్యునకు ఒక శాలువయు దక్కినచో, మన పిల్లలు ఆ రాత్రి వేదికపై నేర్చుకొన్నదేమో వారు పెద్దవారై క్లబ్బు బిల్లు చెల్లించునాడు మనకు తెలియును.